అమెరికా ట్రక్కుల కంప్యూటర్ లాగ్‌బుక్: ఇన్‌స్పెక్టర్‌కి ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు

అమెరికాలో పెద్ద ట్రక్కు నడిపే డ్రైవర్ రోజుకి ఎన్ని గంటలు బండి నడిపాడు, ఎన్ని గంటలు పడుకున్నాడు, మిగతా టైమ్‌లో ఏం చేశాడు అన్నదానికి లెక్క చూపించాలి, ఆ లెక్క పేరే లాగ్‌బుక్. చాలా ఏళ్లు డ్రైవర్ చేత్తో రాసేవాడు, తర్వాత లాప్‌టాప్‌లో తయారు చేసుకున్నాడు, 2017 చివర్నుంచి ఎక్కువ బళ్లలో ఇంజిన్‌కి తగిలించిన మెషీన్ రాస్తోంది. మెషీన్ వచ్చాక దొంగ లెక్కల గొడవ తీరిపోతుందని చాలామంది అనుకున్నారు. కానీ 2025 మేలో అమెరికా, కెనడా, మెక్సికోల్లో మూడు రోజులు జరిగిన ఇంటర్నేషనల్ రోడ్‌చెక్ తనిఖీల్లో ప్రత్యేకంగా చూడమన్న రెండు విషయాల్లో ఒకటి మళ్లీ ఈ డ్యూటీ రికార్డులే, రెండోది టైర్లు. అదే ఏడాది డిసెంబర్‌లో ఈ మెషీన్లకి అనుమతి ఇచ్చే పద్ధతినే మార్చేస్తున్నామని అక్కడి ప్రభుత్వం చెప్పింది. ఇంత టెక్నాలజీ పెట్టాక కూడా సమస్య ఎందుకు మిగిలిందో చూడాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

క్లుప్తంగా

రోడ్డు మీద ఆపే ఇన్‌స్పెక్టర్ చూడగలిగేది రికార్డు, డ్రైవర్ అలసట కాదు. అందుకే కాగితం రోజుల నుంచి ఇప్పటిదాకా రికార్డు తప్పు దొరక్కుండా ఉండడం వేరు, నిజంగా ఉండడం వేరు అయిపోయింది. మెషీన్‌కి ఖచ్చితంగా తెలిసేది చక్రం తిరిగిందా లేదా అన్నదే, మిగతాది మనిషి చెప్పాల్సిందే. తప్పుడు లెక్క డ్రైవర్ పెన్ను దగ్గర తగ్గింది, కానీ కొన్ని కంపెనీల ఆఫీసుల్లోకి, కొందరు మెషీన్ అమ్మేవాళ్ల సర్వర్లలోకి మారింది. మైలుకింత అని జీతం ఇచ్చి, గోడౌన్ దగ్గర గంటలు గంటలు నిలబెట్టే పద్ధతి మాత్రం అలాగే ఉంది.

గంటల లెక్క ఎలా నడుస్తుంది

అమెరికాలో ట్రక్కు డ్రైవర్ల పని గంటల మీద ఫెడరల్ రూల్స్ 1930ల చివర్లోనే వచ్చాయి. 1962 నుంచి 2003 దాకా ఉన్న లెక్క ఏంటంటే 8 గంటలు రెస్ట్ తీసుకున్నాక 10 గంటలు బండి నడపొచ్చు. 2004 జనవరి నుంచి ఇది మారింది: 10 గంటలు రెస్ట్, దాని తర్వాత 11 గంటల డ్రైవింగ్, కానీ ఆ 11 గంటలూ డ్యూటీ మొదలైనప్పటి నుంచి 14 గంటల లోపే అయిపోవాలి. దీనికి తోడు 7 రోజుల్లో 60 గంటలు లేదా 8 రోజుల్లో 70 గంటల డ్యూటీ దాటాక బండి నడపకూడదు, వరసగా 34 గంటలు ఆగితే ఈ వారం లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 2020 సెప్టెంబర్‌లో చేసిన మార్పుల తర్వాత 8 గంటలు బండి నడిపితే కనీసం 30 నిమిషాలు డ్రైవింగ్ ఆపాలి.

వీటిలో డ్రైవర్లని ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆ 14 గంటల గడియారం. ఎందుకంటే అది ఒకసారి మొదలైతే ఆగదు. పాత రూల్‌లో మధ్యలో ఆఫ్ డ్యూటీ తీసుకుంటే ఆ టైమ్ లెక్కలోకి వచ్చేది కాదు, కొత్త రూల్‌లో టీ తాగినా, టైర్ పంక్చర్ అయినా, గోడౌన్ గేటు దగ్గర ఖాళీగా కూర్చున్నా టైమ్ కరిగిపోతూనే ఉంటుంది. స్లీపర్ బెర్త్‌లో, అంటే క్యాబిన్‌లో పడుకునే చోట, రెస్ట్‌ని రెండు ముక్కలుగా తీసుకునే వెసులుబాటు ఒకటి ఉంది, ఒక ముక్క కనీసం 7 గంటలు, రెండూ కలిపి 10 అవ్వాలి, కానీ అది ప్రతి ట్రిప్పుకీ కుదరదు.

నాలుగు గీతల కాగితం

పేపర్ లాగ్ అంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా 24 గడులు, ఒక్కో గంటని 15 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు, అడ్డంగా నాలుగు వరసలు: ఆఫ్ డ్యూటీ, స్లీపర్ బెర్త్, డ్రైవింగ్, డ్యూటీలో ఉన్నా డ్రైవింగ్ కాదు. డ్రైవర్ ఏ టైమ్‌లో ఏ పనిలో ఉన్నాడో ఆ వరసలో గీత గీసుకుంటూ పోవాలి, పని మారిన ప్రతి చోటా కింద ఊరి పేరు, రాష్ట్రం రాయాలి. ఇవాళ్టి కాగితం, అంతకు ముందు 7 రోజుల కాగితాలు ఎప్పుడూ క్యాబిన్‌లో ఉండాలి.

డ్రైవర్లు దీన్ని కామిక్ బుక్ అని పిలిచేవాళ్లంటేనే పరిస్థితి అర్థమవుతుంది. పొద్దున ఆరింటికి బయల్దేరినా పదకొండింటికి బయల్దేరినట్టు రాసుకోవడం, దారిలో ఎవరూ ఆపకపోతే అసలు ఆ రోజు గీతే గీయకుండా ఉంచి ముందు బళ్లని తూచి తనిఖీ చేసే కాటా వస్తోందనగా పార్కింగ్‌లో కూర్చుని రెండు రోజుల లెక్క ఒకేసారి పూర్తి చేయడం, రెండు పుస్తకాలు పెట్టుకోవడం, ఇవన్నీ జరిగాయి. ఇందులో డ్రైవర్ దురాశ అనే ముక్క చాలా చిన్నది, లోడ్ ఫలానా టైమ్‌కి చేరాలి అని ఒకరు చెప్తారు, చట్టం ఇన్ని గంటలే అని ఇంకొకరు చెప్తారు, ఆ రెండూ కలవనప్పుడు కలిపి చూపించాల్సిన బాధ్యత మాత్రం పెన్ను పట్టుకున్నవాడి మీద పడుతుంది.

పేపర్ లాగ్ చూసే ఇన్‌స్పెక్టర్ రెండు రకాల తప్పులు వెతికేవాడు. ఒకటి ఫారం తప్పులు: తేదీ లేదు, బండి నంబర్ లేదు, మొత్తం మైళ్లు వేయలేదు, సంతకం మర్చిపోయాడు, గంటల కూడిక 24 రాలేదు. రెండోది అసలు అబద్ధం. మొదటిది నిమిషంలో దొరుకుతుంది, రెండోది దొరకాలంటే డీజిల్ బిల్లు, టోల్ రసీదు, కాటా చీటీ పక్కన పెట్టి టైమ్‌లు పోల్చాలి, రోడ్డు పక్కన వెనకాల ఇంకో పది బళ్లు నిలబడి ఉంటే అంత తీరిక ఎవరికీ ఉండదు.

లాప్‌టాప్ లాగ్‌లు ఇన్‌స్పెక్టర్లకి ఎందుకు నచ్చాయి

లాప్‌టాప్‌లు డ్రైవర్ల చేతికి వచ్చాక లాగ్ తయారు చేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ఇక్కడే చాలామంది కన్‌ఫ్యూజ్ అవుతారు. ఈ సాఫ్ట్‌వేర్‌కీ ఇంజిన్‌కీ ఏ సంబంధం లేదు, డ్రైవర్ కీబోర్డ్ మీద ఎక్కడ మొదలుపెట్టాడో ఎక్కడ ఆగాడో కొడితే అది గీతలు గీసి, కూడికలు చేసి, వారం లెక్క వేసి, ఇంకా ఎన్ని గంటలు మిగిలాయో చెప్పి, చివరికి పేపర్ లాగ్‌లాగే ఉండే పేజీ తయారు చేస్తుంది. చట్టం దృష్టిలో ఇది చేత్తో రాసిన లాగ్ కిందే లెక్క. మొదట్లో ప్రింట్ తీసి సంతకం పెట్టాల్సి వచ్చేది, 2014 జూలైలో ట్రక్కుల సేఫ్టీ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్, అంటే ఎఫ్‌ఎంసీఎస్‌ఏ, ఎలక్ట్రానిక్ సంతకం చేసి స్క్రీన్ మీద చూపించినా సరే అని వివరణ ఇచ్చింది.

ఇలాంటి లాగ్ రోడ్డు మీద తేలిగ్గా పాస్ అవ్వడానికి కారణం సింపుల్. ఫారం తప్పులు దాదాపు ఉండవు. కొట్టివేతలు ఉండవు, అక్షరాలు అర్థం కాకపోవడం ఉండదు, కూడిక తప్పదు, 15 నిమిషాలు ఎక్కువ నడిపినట్టు పొరపాటున గీత పడబోతే సాఫ్ట్‌వేర్ ముందే చెప్తుంది. నిజాయితీగా వాడేవాడికి ఇది నిజంగా మంచి సాయం, గంటల లెక్క తెలియక రూల్ దాటే డ్రైవర్లు కూడా ఉంటారు, వాళ్లకి ఈ హెచ్చరిక చాలు. కానీ అదే హెచ్చరిక లెక్క సరిపెట్టాలనుకునేవాడికీ పనికొస్తుంది. గీత ఎక్కడికి జరిపితే ఎరుపు పోయి పచ్చ వస్తుందో చూసుకుంటూ కొట్టుకోవచ్చు. అంటే ఈ సాఫ్ట్‌వేర్ లాగ్‌ని రూల్‌కి సరిపోయేలా చేయగలదు, జరిగినదానికి సరిపోయిందో లేదో దానికి తెలిసే అవకాశమే లేదు.

ఇప్పుడు కూడా ఈ రకం లాగ్‌లకి కొంత చోటు ఉంది. ఇంజిన్ 2000 కంటే పాత మోడల్ అయితే, లేదా 30 రోజుల్లో 8 రోజులకి మించి లాగ్ రాయాల్సిన అవసరం లేని డ్రైవర్ అయితే ఇంజిన్‌కి తగిలించే మెషీన్ తప్పనిసరి కాదు, వాళ్లు కాగితం వాడొచ్చు, సాఫ్ట్‌వేర్ కూడా వాడొచ్చు.

ఇంజిన్‌కి తగిలించిన మెషీన్

బండి కదలికని నేరుగా పట్టుకునే ఆలోచన కొత్తదేం కాదు. 1988లోనే ఆటోమేటిక్ ఆన్‌బోర్డ్ రికార్డర్లని కావాలంటే వాడుకోవచ్చని అనుమతి ఇచ్చారు. 1998లో వెర్నర్ ఎంటర్‌ప్రైజెస్ అనే పెద్ద కంపెనీ జీపీఎస్ ఆధారంగా కాగితం లేని లాగ్‌లని ప్రభుత్వంతో కలిసి పైలట్ ప్రాజెక్టుగా నడిపింది. అందరికీ తప్పనిసరి చేయడం మాత్రం అంత తేలిగ్గా అవ్వలేదు. 2010లో తప్పులు ఎక్కువ చేసే కంపెనీలకి ఈ మెషీన్లు తప్పనిసరి చేస్తూ రూల్ తెస్తే, 2011లో చికాగోలోని సెవెన్త్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు కొట్టేసింది. డ్రైవర్ అలసిపోయి పడుకుని ఉంటే మెషీన్‌లో గంటలు మిగిలాయి కదా, నిద్ర లే అని కంపెనీ వేధించకుండా రక్షణ ఏదీ అన్నది అక్కడ ముఖ్యమైన పాయింట్. ఆ కేసు వేసింది ఓనర్ కమ్ డ్రైవర్ల సంఘం ఊయిడా.

2012లో మ్యాప్-21 అనే చట్టంలో అమెరికా కాంగ్రెస్సే మెషీన్ పెట్టాలని ఆదేశించింది. 2015 డిసెంబర్‌లో ఫైనల్ రూల్, 2017 డిసెంబర్ 18 నుంచి అమలు, 2018 ఏప్రిల్ 1 నుంచి మెషీన్ లేకపోతే బండిని అక్కడికక్కడ ఆపేయడం, 2019 డిసెంబర్‌తో పాత రకం రికార్డర్లకి ఇచ్చిన గడువు కూడా అయిపోయింది. మధ్యలో ఊయిడా మళ్లీ కోర్టుకి వెళ్లింది కానీ 2016లో అదే సెవెన్త్ సర్క్యూట్ ఈసారి రూల్‌ని నిలబెట్టింది. 2011 తీర్పు ప్రభావం చిన్న చిన్న చోట్ల కనిపిస్తుంది, ఉదాహరణకి డ్రైవర్ స్లీపర్ బెర్త్‌లో ఉన్నట్టు పెడితే మెషీన్ సౌండ్ మ్యూట్ అయ్యే ఏర్పాటు ఉండాలని కొత్త రూల్‌లో రాశారు.

ఈ మెషీన్ పేరు ఎలక్ట్రానిక్ లాగింగ్ డివైస్, అందరూ ఈఎల్‌డీ అంటారు. ట్రక్కు డయాగ్నస్టిక్ పోర్ట్‌కి ఒక చిన్న బాక్స్ తగిలిస్తారు, డ్రైవర్ చేతిలో ఫోనో ట్యాబ్లెట్టో ఉంటుంది. బండి గంటకి 5 మైళ్ల స్పీడ్ అందుకుంటే దానంతట అదే డ్రైవింగ్‌లోకి మారుతుంది. నడుస్తున్నంత సేపు గంటకోసారి లొకేషన్ రాస్తుంది. ఆగి 5 నిమిషాలు అయ్యాక ఇంకా డ్రైవింగేనా అని అడుగుతుంది, ఒక నిమిషంలో జవాబు రాకపోతే డ్యూటీలో ఉన్నా డ్రైవింగ్ కాదు అనే వరసలోకి మార్చేస్తుంది. మెషీన్ తనంతట తాను రాసిన డ్రైవింగ్ టైమ్‌ని తగ్గించడానికి లేదు. మిగతావి దిద్దొచ్చు, కానీ ఎందుకు దిద్దారో రాయాలి, పాత ఎంట్రీ కూడా ఫైల్‌లో ఉండిపోవాలి, కంపెనీ ఆఫీసు దిద్దమని పంపిస్తే డ్రైవర్ ఒప్పుకోవాలి. కనీసం రూల్ అయితే ఇదీ.

రోడ్డు పక్కన చెక్ ఎలా జరుగుతుంది

హైవే మీద కాటా దగ్గర బండి పక్కకి తీయమంటారు. పూర్తి తనిఖీ అయితే 37 స్టెప్పులు, బ్రేకులు, లైట్లు, టైర్లు అన్నీ చూస్తారు, డ్రైవర్ కాగితాల వరకే చూసే తనిఖీ వేరే ఉంది. లాగ్ విషయానికొస్తే ఇన్‌స్పెక్టర్ ఒక కోడ్ ఇస్తాడు, డ్రైవర్ ఈఎల్‌డీలో అది కొట్టి ఫైల్ పంపుతాడు, ఆ ఫైల్ వెబ్ సర్వీస్ ద్వారానో ఈమెయిల్ ద్వారానో ప్రభుత్వ సర్వర్‌కి వెళ్లి ఇన్‌స్పెక్టర్ కంప్యూటర్‌లో ఈరాడ్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటుంది. కొన్ని మెషీన్లు యూఎస్‌బీ, బ్లూటూత్ పద్ధతిలో ఇస్తాయి. అక్కడ సిగ్నల్ లేకపోతే స్క్రీన్ మీదో ప్రింట్ మీదో చూపించాలి. మెషీన్ పాడైతే వాడడానికి కనీసం 8 రోజులకి సరిపడా ఖాళీ కాగితం గ్రిడ్లు ఇప్పటికీ క్యాబిన్‌లో పెట్టుకోవాలి, ఆ పాత నాలుగు గీతల కాగితమే.

ఈరాడ్స్ గంటలు దాటిన చోట దానంతట అదే గుర్తు పెడుతుంది. అనుభవం ఉన్న ఇన్‌స్పెక్టర్ మాత్రం గ్రాఫ్ కంటే కింద ఉన్న ఎంట్రీల పట్టిక ఎక్కువ చూస్తాడు. ఎందుకో ఒక ఉదాహరణతో చూస్తే తెలుస్తుంది. టెక్సాస్‌లోని అమరిల్లోలో రాత్రి పదింటికి ఆగినట్టు, పొద్దున ఎనిమిదింటి దాకా స్లీపర్ బెర్త్‌లో ఉన్నట్టు లాగ్‌లో ఉంది అనుకుందాం. పది గంటల రెస్ట్, పక్కాగా ఉంది. కానీ ఎనిమిదింటికి డ్యూటీ మొదలైన లొకేషన్ ఓక్లహోమా సిటీ అని ఉంటే? రెండింటి మధ్య ఇంటర్‌స్టేట్ 40 మీద దాదాపు 260 మైళ్లు. పడుకున్న బండి 260 మైళ్లు వెళ్లదు. లొకేషన్ మార్చి ఉంటే ఓడోమీటర్ చూస్తారు, ఓడోమీటర్ కూడా సరిపెట్టి ఉంటే ఇంజిన్ గంటలు చూస్తారు, అదీ సరిపోతే మధ్యలో తెల్లవారుజామున కొట్టించిన డీజిల్ బిల్లు అడుగుతారు. అబద్ధం నిలబడాలంటే ఇవన్నీ ఒకదానికొకటి సరిపోవాలి, ఒక్కటి తప్పినా దొరికిపోతుంది. కాగితం రోజులతో పోలిస్తే ఇది నిజంగా పెద్ద మార్పు, మెషీన్ల వల్ల లాభమే లేదనేవాళ్లు ఈ సంగతి వదిలేస్తారు.

అబద్ధం ఎక్కడికి మారింది

మెషీన్‌కి చక్రం తిరగడం తెలుసు. చక్రం తిప్పిన మనిషి ఎవరో తెలియదు, లాగిన్ అయిన పేరు ఎవరిదైతే వాడే అనుకుంటుంది. అందుకే మొదటి మోసం పేర్లతో మొదలైంది: లేని డ్రైవర్ పేరుతో ఒక అకౌంట్ తెరిచి, తన గంటలు అయిపోగానే ఆ పేరుతో లాగిన్ అయ్యి బండి నడపడం. రికార్డు మీద ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతున్నట్టు ఉంటుంది, ఇన్‌స్పెక్టర్ తలుపు తీసి చూస్తే సీట్లో ఒక్కడే ఉంటాడు.

రెండోది పర్సనల్ కన్వేయన్స్ బటన్. డ్యూటీ అయిపోయాక భోజనానికో, బస చేసే చోటుకో సొంత పని మీద బండి కదిలిస్తే అది ఆఫ్ డ్యూటీ కింద రాసుకోవచ్చు, 2018 వివరణ తర్వాత లోడ్ ఉన్నా పర్వాలేదు. ఈ వెసులుబాటు అవసరమే, గోడౌన్‌వాళ్లు రాత్రి పదింటికి బయటికి పొమ్మంటే డ్రైవర్ దగ్గర్లో ఎక్కడో ఆగాలి కదా. కానీ ఈ మోడ్‌లో ఉన్నప్పుడు లొకేషన్ కూడా ఒక మైలు ఖచ్చితత్వంతో కాకుండా పది మైళ్ల ఖచ్చితత్వంతోనే నమోదవుతుంది, డ్రైవర్ ప్రైవసీ కోసం అలా పెట్టారు, దాన్ని అడ్డం పెట్టుకుని డెలివరీ ఊరి వైపే గంటలకొద్దీ లాగించేవాళ్లూ ఉన్నారు.

మూడోది అన్నిటికంటే ఆందోళన కలిగించేది. అమెరికాలో ఈఎల్‌డీ అమ్మే కంపెనీ తన మెషీన్ రూల్‌కి తగ్గట్టు ఉందని తనకి తానే సర్టిఫై చేసుకుని ఎఫ్‌ఎంసీఎస్‌ఏ లిస్టులో పేరు నమోదు చేసుకుంటే సరిపోయే పద్ధతి పెట్టారు, ముందుగా ల్యాబ్‌లో పరీక్షించేవాళ్లు లేరు. దాంతో లిస్టులో వందల కొద్దీ మెషీన్లు చేరాయి. వాటిలో కొన్నిట్లో ఆఫీసు నుంచే పాత డ్రైవింగ్ టైమ్‌ని జాడ లేకుండా తీసేసే ఏర్పాటు ఉంది, డబ్బులిస్తే లాగ్ దిద్దిపెట్టే సర్వీసులు కూడా పుట్టాయి. ఇక్కడ పాత ఎంట్రీ ఉండిపోవాలి అనే రూల్‌కి అర్థమే ఉండదు, ఎందుకంటే ఫైల్ తయారు చేసేవాడే దిద్దుతున్నాడు. లాప్‌టాప్ రోజుల్లో డ్రైవర్ ఒక్కడూ చేసిన పనిని ఇప్పుడు ఒక వ్యాపారంగా చేస్తున్నారు, పైగా రికార్డు మెషీన్ రాసినట్టే ఉంటుంది కాబట్టి చూసేవాళ్లకి నమ్మకం ఎక్కువ.

తప్పు దొరికిన మెషీన్లని ఎఫ్‌ఎంసీఎస్‌ఏ లిస్టులోంచి తీసేస్తోంది, అప్పుడు వాటిని వాడే కంపెనీలకి మార్చుకోవడానికి 60 రోజుల దాకా టైమ్ ఇస్తుంది. తీసేసిన వెండర్ ఇంకో పేరుతో మళ్లీ రావడం ఆపడానికే 2025 డిసెంబర్ మార్పుల్లో నమోదుకి ముందే గట్టిగా పరిశీలించే పద్ధతి తెస్తున్నారు. కెనడా ఈ తప్పు మొదట్నుంచీ చేయలేదు, అక్కడ బయటి సంస్థ పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తేనే మెషీన్ చెల్లుతుంది, దానివల్ల అమలు ఆలస్యమై 2021 జూన్‌లో రూల్ వచ్చినా పూర్తి స్థాయి జరిమానాలు 2023 జనవరికి గానీ మొదలవ్వలేదు. ఆలస్యమైనా ఆ పద్ధతే మేలని ఇప్పుడు తేలుతోంది.

గోడౌన్ గేటు దగ్గర పోయే గంటలు

ఇంత కష్టపడి లెక్క ఎందుకు మారుస్తారు అనే ప్రశ్నకి జవాబు జీతం దగ్గర ఉంది. దూర ప్రయాణాల డ్రైవర్లకి ఎక్కువగా మైలుకింత అని ఇస్తారు. 1938 నాటి ఫెడరల్ కార్మిక చట్టంలో ఓవర్‌టైమ్ రూల్ ఈ డ్రైవర్లలో ఎక్కువమందికి వర్తించదు. అంటే బండి కదిలితేనే డబ్బు.

ఒక రోజు లెక్క వేసి చూద్దాం. డ్రైవర్ పొద్దున ఆరింటికి డ్యూటీ మొదలుపెట్టాడు, రెండు గంటలు నడిపి ఎనిమిదింటికి గోడౌన్ చేరాడు. అక్కడ లోడింగ్ అయ్యేసరికి మధ్యాహ్నం ఒంటి గంట అయింది. 14 గంటల గడియారం రాత్రి ఎనిమిదింటికి అయిపోతుంది, చేతిలో ఉన్నది 7 గంటలు. చట్టం ప్రకారం 11 గంటలు నడిపే వీలున్న రోజున అతను నడపగలిగేది 9 గంటలే. పోయిన రెండు గంటలు గంటకి 60 మైళ్ల లెక్కన 120 మైళ్ల జీతం. వెయిటింగ్‌కి డబ్బు రావచ్చు, రాకపోవచ్చు, చాలా కాంట్రాక్టుల్లో మొదటి రెండు గంటలకి లెక్కే ఉండదు. గోడౌన్‌వాళ్లకి మాత్రం ఈ ఆలస్యం వల్ల పైసా నష్టం లేదు, వాళ్ల మీద గంటల రూల్ కూడా లేదు.

అమెరికా రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు 2018 జనవరిలో ఇచ్చిన రిపోర్టులో, ఇలా ఆగే టైమ్ సగటున 15 నిమిషాలు పెరిగితే యాక్సిడెంట్ రేటు 6.2 శాతం పెరుగుతుందని అంచనా వేసింది. రాత్రి పార్కింగ్ సమస్య దీనికి తోడు. కాగితం మీద పావుగంట అటూ ఇటూ సర్దుకునేవాళ్లు, మెషీన్‌లో 11 గంటల 4 నిమిషాలు అంటే అది వయొలేషనే. ట్రక్ స్టాప్‌కి చేరేసరికి ఖాళీ లేకపోతే గడియారం అయిపోతోందని హైవే ర్యాంపు పక్కనే ఆపేస్తారు, అది వెనకొచ్చే బళ్లకీ ప్రమాదం, పడుకున్న డ్రైవర్‌కీ ప్రమాదం.

మరి యాక్సిడెంట్లు తగ్గాయా

గంటల వయొలేషన్లు తగ్గాయి, ఇందులో సందేహం లేదు, ముఖ్యంగా అప్పటిదాకా కాగితం వాడిన చిన్న కంపెనీల్లో బాగా తగ్గాయి. యాక్సిడెంట్ల దగ్గరికొస్తే ఆ మాట చెప్పలేం. అలెక్స్ స్కాట్, ఆండ్రూ బాల్త్రాప్, జేసన్ మిల్లర్ అనే ముగ్గురు రీసెర్చర్లు మెషీన్ తప్పనిసరి కాకముందు, తర్వాత ఉన్న ప్రభుత్వ డేటాని పోల్చి చూశారు. అప్పటికే మెషీన్లు వాడుతున్న పెద్ద కంపెనీలతో చిన్నవాళ్లని పోలిస్తే చిన్నవాళ్ల యాక్సిడెంట్లు తగ్గిన దాఖలా దొరకలేదు, పైగా స్పీడ్ లాంటి ప్రమాదకరమైన డ్రైవింగ్ తప్పులు పెరిగాయి.

దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. గంటలు సాగదీయడానికి వీల్లేనప్పుడు అదే దూరం అదే గంటల్లో పూర్తవ్వాలంటే స్పీడ్ పెంచాలి. ఇన్‌స్పెక్టర్‌కి పంపే ఈఎల్‌డీ ఫైల్‌లో స్పీడ్ రికార్డు అడగరు. ఒక పక్క నొక్కితే ఒత్తిడి ఇంకో పక్కకి వెళ్లింది, అంతే. దీన్ని బట్టి మెషీన్ వద్దనడం తొందరపాటు అవుతుంది, ఎందుకంటే 18 గంటలు ఏకబిగిన నడపమని డ్రైవర్‌ని ఒత్తిడి చేసే డిస్పాచర్‌కి, అంటే ఆఫీసు నుంచి ట్రిప్పులు పురమాయించేవాడికి, ఇప్పుడు రికార్డు చూపించి కుదరదని చెప్పే అవకాశం డ్రైవర్‌కి వచ్చింది. నిజాయితీ కంపెనీలో పనిచేసేవాడికి ఇది చాలా పెద్ద రక్షణ.

యూరప్ ఎలా చేసింది

యూరప్‌లో ఇదే పని చేసే మెషీన్ టాకోగ్రాఫ్ ఉంటుంది. 2006 మే నుంచి కొత్త బళ్లకి డిజిటల్ టాకోగ్రాఫ్ తప్పనిసరి, డ్రైవర్ తన చిప్ కార్డు పెట్టి నడపాలి. డ్రైవింగ్ రోజుకి 9 గంటలు, వారంలో రెండు రోజులు 10 గంటలు, నాలుగున్నర గంటలకి 45 నిమిషాల బ్రేక్. మెషీన్‌కి ప్రభుత్వ ఆమోదం కావాలి, గేర్‌బాక్స్ దగ్గర సెన్సార్‌కి సీల్ ఉంటుంది. అయినా మోసం లేకపోలేదు, సెన్సార్ మీద అయస్కాంతం పెట్టి బండి నిలబడినట్టు చూపించడం, పక్కవాడి కార్డు పెట్టి నడపడం అక్కడి ఇన్‌స్పెక్టర్లకి బాగా తెలిసిన సంగతులు. పక్కవాడి కార్డుకీ అమెరికాలో దొంగ అకౌంట్‌కీ తేడా ఏమీ లేదు.

తేడా రెండు చోట్ల ఉంది. అమెరికాలో ఇన్‌స్పెక్టర్‌కి ఇవాళ్టిది, వెనక 7 రోజులది చూపిస్తే చాలు, యూరప్‌లో 2024 చివర్నుంచి వెనక 56 రోజుల రికార్డు అడగొచ్చు, ఒక వారం అబద్ధం సరిపెట్టడం వేరు, ఎనిమిది వారాలు సరిపెట్టడం వేరు. రెండోది ఇంకా ముఖ్యం: యూరప్ నిబంధన 561/2006లో, రోడ్డు సేఫ్టీకి ముప్పు తెచ్చేలా దూరాన్ని బట్టి డ్రైవర్‌కి డబ్బు కట్టకూడదని రాసి ఉంది. అమలు ఎంత గట్టిగా ఉందన్నది పక్కన పెట్టినా, అబద్ధం ఎక్కడ పుడుతుందో ఆ చోటుని చట్టం గుర్తించింది. అమెరికా రూల్ లాగ్‌బుక్ చుట్టూనే తిరుగుతోంది.

మన రోడ్ల మీద

ఇండియాలో 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ యాక్ట్ రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అని చెప్పింది, దూర రూట్లలో 10 గంటలు, 54 గంటల దాకా సడలింపు ఇచ్చింది, 5 గంటల పని తర్వాత అరగంట విరామం ఉండాలంది. 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్లలో ఆ చట్టం కలిసిపోయింది. అయిదుగురు, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలకే ఆ చట్టం వర్తించేది కాబట్టి ఒకటి రెండు లారీలు ఉన్న యజమానులు, సొంతంగా నడుపుకునే ఓనర్ కమ్ డ్రైవర్లు లెక్కలోకే రాలేదు, తెలుగు రాష్ట్రాల్లో అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారో లారీల వ్యాపారం తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2021 సెప్టెంబర్‌లో లారీ డ్రైవర్లకి డ్రైవింగ్ గంటలు ఫిక్స్ చేయాలని, నిద్ర మత్తుని పసిగట్టే సెన్సార్లు బళ్లలో పెట్టాలని అన్నారు. కొత్త లారీలకి ఏసీ క్యాబిన్ 2025 అక్టోబర్ నుంచి తప్పనిసరి అయింది.

రేపు ఇక్కడ గంటల మెషీన్ వస్తే మొదట తేల్చాల్సినవి రెండు. మెషీన్‌ని ఎవరు పరీక్షిస్తారు అన్నది ఒకటి, అమ్మేవాడి మాట మీద వదిలేస్తే ఏమవుతుందో అమెరికా లిస్టు చూపించింది. రెండోది, ఫ్యాక్టరీ గేటు దగ్గర, పోర్టు దగ్గర, మార్కెట్ యార్డు దగ్గర లోడింగ్ కోసం పోయే గంటలు ఎవరి ఖాతాలో పడతాయి అన్నది. ఒక లారీ విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తే ఫాస్టాగ్ టోల్ టైమ్‌లు, ఈ-వే బిల్లు, డీజిల్ బిల్లు ఇప్పటికే మూడు చోట్ల నమోదవుతున్నాయి, బండి ఎప్పుడు ఎక్కడుందో వాటితో సుమారుగా చెప్పేయొచ్చు. లోడ్ కోసం గేటు బయట ఆగిన టైమ్ మాత్రం ఆ మూడింటిలో దేనిలోనూ రాదు.